అదే ముక్క అని అబద్ధం చెప్పొద్దు

జిలీబ్‌లో ఉన్నోళ్ళు, మహబూలాలో ఉన్నోళ్ళు, ఎడారి క్యాంపుల్లో ఉన్నోళ్ళు అందరూ చదవాలని రాస్తున్నాం. కొంచెం పొడుగైంది. శుక్రవారమే కదా, చాయ్ పెట్టుకోని చదవండి.

మా రూమ్‌లో ఆరుగురం. ఆరోవాడి గురించే ఈ పోస్టు. రాసే చెయ్యి మాలో సైటు సూపర్‌వైజర్‌గా చేసేవాడిది. పదో తరగతితో ఆపిన చదువు, తప్పులుంటే సర్దుకోండి. మాట మాత్రం అయిదుగురిదీ. ఆరోవాడి పేరు రాయొద్దన్నాడు కాబట్టి తమ్ముడు అనే అంటాం. కోనసీమ పిల్లోడు. మేమేమో రాజంపేట, రాయచోటి వైపు వాళ్ళం. "ఆయ్" అంటాడని మొదట్లో నవ్వుకునేవాళ్ళం, ఇప్పుడు మాకూ వస్తోంది.

సంగతేందంటే, వచ్చే శుక్రవారం మన తెలుగువాళ్ళ కార్యక్రమంలో తమ్ముడు పేకముక్కలతో మ్యాజిక్ చేస్తున్నాడు. అతని ఎడమ చెయ్యి సగమే పనిచేస్తుంది. కార్యక్రమం పెట్టేవాళ్ళు మంచోళ్ళే, మాకు బాగా తెలిసినోళ్ళే. వాళ్ళేమన్నారంటే, ముందు స్టేజి మీద ప్రమాదం సంగతి చెబుదాం, తర్వాత మ్యాజిక్ పెడదాం, అయిపోయినాక ఒక డబ్బా తిప్పుదాం, తలా ఒక దినారు వేసినా మంచి మొత్తమే అవుతుంది అన్నారు. తమ్ముడు ఒప్పుకోలేదు. "మ్యాజిక్ చేస్తానండి, డబ్బా వద్దు, చెయ్యి సంగతి మైకులో చెప్పొద్దు" అన్నాడు. అంతే, వాట్సాప్ గ్రూపుల్లో మొదలుపెట్టినారు. పొగరంట. సాయం చేస్తామంటే తన్నుకుంటున్నాడంట. ఒకాయనైతే "పేకముక్కలు పట్టుకునేవాడికి ఇంత మర్యాదా" అని వాయిస్ మెసేజ్ పెట్టినాడు.

మేం తమ్ముడి పక్కన ఉన్నాం. ఎందుకో చెబుతాం.

మొదట పేకముక్కల మాట. ఇక్కడ డబ్బు పెట్టి ఆడడం నేరమని మనకందరికీ తెలుసు. రూమ్‌లో ముక్కలు కనిపిస్తేనే గుండెలు గుబగుబలాడే రోజులు మేమూ చూసినాం. తమ్ముడు పైసా పెట్టి ఎప్పుడూ ఆడలేదు. ఆ వాయిస్ పెట్టిన అన్న ఏ రూమ్‌లో రమ్మీకి కూచుంటాడో మాకు తెలుసు గానీ, అది ఇక్కడ వద్దులే.

ఇంక చెయ్యి. తమ్ముడు స్టీల్ ఫిక్సర్. బార్ బెండింగ్ మిషన్ మీద పనిచేస్తుంటే, కాలితో నొక్కే పెడల్ మీద ఉండాల్సిన కవరు లేదు. పక్కన నడిచేవాడి కాలు దాని మీద పడింది. పళ్ళెం తిరిగింది. కడ్డీకీ పిన్నుకీ మధ్య ఎడమ చెయ్యి ఇరుక్కుంది. వేళ్ళు తెగలేదు, అదే దేవుడి దయ. చిటికెన వేలు, దాని పక్క వేలు ఇప్పుడు వంగవు. మధ్య వేలు సగం వంగుతుంది. బొటనవేలు కదులుతుంది గానీ పట్టు లేదు. అరచెయ్యి పూర్తిగా పైకి తిప్పలేడు. కుబూస్ చింపాలంటే కూడా కుడి చేత్తో చింపి ఎడమ మణికట్టుతో అదిమి పెట్టాలి.

ఆ కవరు ఊడిపోయి వారం దాటిందని మాలో సూపర్‌వైజర్‌గా ఉన్నవాడికి తెలుసు. మిషన్ ఆపించాలి. ఆపించలేదు. ఆ వారం స్లాబు పోయాల్సి ఉండింది, తొందరలో ఉన్నాం. ఈ మాట ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చినాక మెత్తటి బంతి ఒకటి ఇచ్చి, వేళ్ళకు పని చెప్తూ ఉండమన్నారు. నాలుగు రోజులు పిసికినాడు, అయిదో రోజు మంచం కింద పడేసినాడు. రాత్రిపూట నిద్ర లేదు, మాట లేదు. ఒకరోజు కింద బకాలాకి పోయి పేక కట్ట ఒకటి కొనుక్కొచ్చినాడు. చిన్నప్పుడు వాళ్ళ మేనమామ చూపించిన 21 ముక్కల ఆట మొదలుపెట్టినాడు. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మూడు వరసలు, వరసకి ఏడు ముక్కలు పంచుతారు. మనం మనసులో ఒక ముక్క అనుకోని, అది ఏ వరసలో ఉందో చెప్పాలి. ఆ వరసని మధ్యలో పెట్టి ఎత్తి, మళ్ళీ పంచుతారు. ఇట్లా మూడుసార్లు చేస్తే మనం అనుకున్న ముక్క పైనుంచి పదకొండోది అవుతుంది. ఇది లెక్క. చెయ్యి చురుకుతో పని లేదు. నిదానంగా చేసినా, ముక్కలు కింద పడి మళ్ళీ ఏరుకున్నా, వరస తప్పకపోతే చాలు. దీని గుట్టు విప్పినందుకు తమ్ముడు తిట్టడు, ఇది ఊరందరికీ తెలిసిందే. మిగతావి మాత్రం చెప్పం. మాతో ఒట్టు వేయించుకున్నాడు.

అయితే లెక్క సులువే గానీ ముక్కలు పట్టుకోవడమే కష్టం. నున్నటి బల్ల మీద పడిన పేకముక్కని ఒక్క చేత్తో ఎత్తి చూడండి, గోరు దూరదు, జారిపోతూ ఉంటుంది. మొదటి వారం మేం చూసింది ఇదే. ఒక్కో ముక్కనీ బల్ల అంచుదాకా తోసుకోనిపోయి ఎత్తేవాడు. తర్వాత సైటు నుంచి పారేసే పలచటి ఫోమ్ షీటు ముక్క తెచ్చి, దాని మీద పాత పంచె గుడ్డ బిగించి ఇచ్చినాం. మెత్తగా ఉండేసరికి వేలు అదిమితే ముక్క అంచు లేస్తుంది. మ్యాజిక్ చేసేవాళ్ళు డబ్బు పెట్టి కొనే చాప కూడా ఇట్లాంటిదేనంట, ఆ తర్వాత తెలిసింది. మా షట్టరింగ్ కార్పెంటర్ ప్లైవుడ్ ముక్కకి రంపంతో గాడి తీసిచ్చినాడు. ముక్కలు అందులో నిలబెడితే చేత్తో విసనకర్ర లాగా పట్టుకోవాల్సిన పని లేదు. పిల్లలకి, వయసు మళ్ళినవాళ్ళకి ఇట్లాంటివి అంగట్లో కూడా అమ్ముతారు. మాది మాత్రం సైటు సరుకు, ఫిల్స్ ఖర్చు కాలేదు.

కట్ట కలపడం ఇంకో తంటా. మనం రెండు చేతులతో టపటపా కలుపుతామే, అది అతనికి కుదరదు. బల్ల మీద అన్నీ పరిచి, అరచేత్తో గుండ్రంగా కలిపేస్తాడు. లేకపోతే చూసేవాడి చేతికే కట్ట ఇచ్చి "రెండు చేతులూ ఉన్నోరు మీరే కలపండి" అంటాడు. ఇందులోనే తమాషా ఉంది చూడండి. రెండు చేతులూ బాగున్నవాడు కలిపితే మనకి అనుమానం. ఎక్కడో మోసం చేసినాడు, పైముక్క అట్లే ఉంచినాడు అనుకుంటాం. మనమే కలిపినామంటే ఇంకెవరిని అనుమానిస్తాం? మా రూమ్‌లో అందరికంటే గుంటనక్క మా వంటాయన. ఆయనే కలిపి, ఆయనే కోసి, ఆయనే పంచిన కట్టలోంచి ఆయన అనుకున్న కళావరు రాణిని తమ్ముడు తీసినప్పుడు, ఆయన రెండు రోజులు కూరలో ఉప్పు మరిచిపోయినాడు.

కుడి చేత్తో మాత్రం ఒక విద్య నేర్చినాడు. కట్ట అంతా ఒక్క చేతిలోనే ఉంటుంది. కింది సగం వేలితో పైకి లేపి, పై సగాన్ని కిందికి దింపుతాడు. చార్లియర్ కట్ అంటారంట, పాతకాలం నుంచీ ఉందంట, రెండు చేతులున్నోళ్ళు కూడా నేర్చుకుంటారంట. దానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ రాత్రి పదకొండుకి రెండంతస్తుల మంచం మీద నుంచి 52 ముక్కలు మా మొహాల మీద పడేవి. తిట్టినాం. ఆ తిట్లలో జాలి లేదు కాబట్టి అతనికి హాయిగా ఉండేదంట, తర్వాతెప్పుడో చెప్పినాడు.

మన భాషలో దీన్ని హస్తలాఘవం అంటారు, చెయ్యి తేలిగ్గా ఆడడం అని. అరబ్బులు కూడా "ఖిఫ్ఫత్ యద్" అంటారు, సరిగ్గా అదే అర్థం. ఈ రెండు మాటలూ వింటే చెయ్యి బరువైనవాడికి ఇందులో చోటు లేదేమో అనిపిస్తుంది. అయితే మన తాతలు ఇంకో మాట కూడా వాడినారు, కనికట్టు అని. కన్నుని కట్టేయడం. ఆ మాటలో చెయ్యి ఊసే లేదు. ఊళ్ళల్లో గారడీవాళ్ళు సంతలో కూచోని చేసింది అదే, విప్రవినోదులు చేసింది అదే, టీవీలో మనం చూసిన పట్టాభిరామ్ గారు చేసిందీ అదే. మాటలు చెబుతూ మన చూపుని ఇంకో పక్కకి తోలుకోనిపోతారు. మా తమ్ముడికి గోదావరి వెటకారం ఉంది, అది అతని మూడో చెయ్యి.

ఈ దారిలో నడిచిన పెద్దాయన ఒకరున్నారు. అర్జెంటీనా దేశంలో రెనే లవాండ్ అని. 1928లో పుట్టినాడు. తొమ్మిదేళ్ళ వయసులో కారు గుద్ది కుడి చెయ్యి పోయింది. రాసేది, తినేది అన్నీ కుడి చేత్తోనే చేసిన పిల్లోడు. మిగిలింది ఎడమ చెయ్యి ఒక్కటే. ఆయన బ్యాంకులో గుమాస్తా పని చేస్తూ, పుస్తకాలన్నీ రెండు చేతులున్నవాళ్ళ కోసమే రాసినవి కాబట్టి, అన్నీ సొంతంగా కనిపెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత ఉద్యోగం మానేసి దేశదేశాలు తిరిగి పేకముక్కల మ్యాజిక్ చేసినాడు. 2015లో పోయినాడు, 86 ఏళ్ళకి. వీడియోలు ఫోన్‌లో దొరుకుతాయి, చూడండి. భాష స్పానిష్, అయినా అర్థమవుతుంది. ఎర్ర ముక్కలు, నల్ల ముక్కలు ఒకటి విడిచి ఒకటి పెడతాడు. చూస్తూ ఉండగానే ఎర్రవన్నీ ఒక పక్క, నల్లవన్నీ ఒక పక్క అయిపోతాయి. నీళ్ళూ నూనే విడిపోయినట్టు. మళ్ళీ చేస్తాడు, ఈసారి ఇంకా నిదానంగా. "ఇంతకంటే నిదానంగా చేయడం కుదరదు" అంటాడు, అది ఆయన ఊతపదం. తర్వాత ఇంకా నిదానంగా చేస్తాడు. అందరూ చేతి వేగంలో ఉంది గుట్టు అనుకుంటుంటే, ఆయన వేగాన్నే తీసి పక్కన పెట్టినాడు.

కెనడాలో మహ్దీ గిల్బర్ట్ అని ఇంకొకాయన ఉన్నాడు, పుట్టుకతోనే చేతులు లేవు. ఆయన కూడా పేకముక్కలతోనే చేస్తాడు. ఆయన వీడియో చూసినాక తమ్ముడు ఒకరోజంతా మాట్లాడలేదు. మర్నాడు "నాకు ఒకటిన్నర ఉన్నాయి కదా అన్నా" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. మేం చేసిన తప్పు ఒకటుంది, మీరు వచ్చే శుక్రవారం అదే తప్పు చేస్తారని భయం.

మొదట్లో ఒక రాత్రి తమ్ముడు మాకు కొత్త ఆట చూపించినాడు. మాలో ఒకడు ఇస్పేటు ఏడు తీసి, చూసి, కట్టలో పెట్టినాడు. తమ్ముడు చెమటలు పట్టించుకోని, ఏదేదో చేసి, చివరికి ఒక ముక్క తిప్పినాడు. అది ఆఠీను నాలుగు. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ముక్క తీసినవాడే "అదే! అదే!" అని అరిచినాడు. మేమందరం చప్పట్లు కొట్టినాం. ఈలలు కూడా వేసినాం. తమ్ముడు నవ్వలేదు. ఆఠీను నాలుగు కింద ఉన్న ముక్కని మెల్లగా తిప్పినాడు. ఇస్పేటు ఏడు. ఒక్క ముక్క తేడాతో తప్పినాడు, ఎక్కడ తప్పిందో అతనికి తెలుసు. కట్ట సర్ది పెట్టెలో పెట్టేసినాడు. పది రోజులు మళ్ళీ బయటికి తీయలేదు.

పదో రోజు అడిగితే ఏమన్నాడంటే, "అన్నా, ముక్క తప్పయితే తప్పని చెప్పే మనిషి ఉంటేనే గదా, ఒప్పయినప్పుడు ఒప్పన్న మాటకి విలువ. మీరు ఏది తిప్పినా అదే అంటే నేనెందుకు నేర్చుకోవడం?"

మేం తలొంచుకున్నాం. సైటులో గోడ తూకం తప్పితే మేస్త్రీ మొహమాటపడి బాగుందని చెబుతాడా? పడగొట్టి మళ్ళీ కట్టమంటాడు. కట్టేవాడిని పనివాడిగా లెక్కేసినాడు కాబట్టే అంటాడు. మేం ఆ రాత్రి తమ్ముడిని పనివాడిగా లెక్కేయలేదు. జబ్బు మనిషిని చూసినట్టు చూసినాం. ఆ తర్వాత నుంచి మా వంటాయనని ముందు కూచోబెడుతున్నాం. ఆయనకి ఎవరి మీదా దయ లేదు. తప్పితే "తప్పింది, మళ్ళీ చెయ్" అంటాడు. తమ్ముడు బాగుపడింది ఆయన వల్లే.

డబ్బా కూడా అట్లాంటిదే అని మా అభిప్రాయం. మ్యాజిక్ అయిపోయినాక డబ్బా తిప్పితే, జనం దినారు దేనికి వేసినట్టు? ముక్క దొరికినందుకా, వేళ్ళు వంగనందుకా? తేలదు. నచ్చిన ఆటగాడికి బహుమానం ఇవ్వడం తప్పు కాదు, పాటలు పాడేవాళ్ళకి ఇచ్చినట్టే ఇతనికీ కవరులో పెట్టి ఇవ్వండి, తీసుకుంటాడు. ప్రమాదం కథ చెప్పి, చెయ్యి చూపించి, డబ్బా తిప్పడం మాత్రం వేరే.

ఇంకో మాట, ఇది కొంతమందికి కోపం తెప్పిస్తుంది. ఆ చేతికి డబ్బు ఇవ్వాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. 2010లో వచ్చిన 6వ నంబరు కార్మిక చట్టం ప్రకారం పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు యజమానిది. డాక్టరు చెప్పినన్నాళ్ళు జీతం ఇవ్వాలి. ఆరు నెలలు దాటితే సగం జీతం, నయమయ్యేదాకా గానీ వైకల్యం తేలేదాకా గానీ. వైకల్యం మిగిలిపోతే దానికి పట్టిక ప్రకారం పరిహారం ఉంది. తమ్ముడి కాగితం ఇంకా తిరుగుతూనే ఉంది. మందూబ్‌ని అడిగితే "బుక్రా" అంటాడు, మనకి తెలిసిన బుక్రానే. ఇట్లాంటప్పుడు మనం మూడొందల దినార్లు పోగుచేసి ఇచ్చినామనుకోండి, రేపు ఆఫీసులో "మీవాళ్ళే చూసుకున్నారు కదా" అంటారు. మేం ఇది ఊహించి రాయడం లేదు, వేరే సైటులో ఒకాయనకి ఇట్లాగే జరిగింది, కళ్ళారా చూసినాం. పైగా పెడల్ కవరు సంగతి చెప్పని మాలో ఒకడు ఆ డబ్బాలో అయిదు దినార్లు వేసి హాయిగా నిద్రపోతాడు. నిద్రపోకూడదు. సాక్ష్యం అడిగితే కవరు లేదని సంతకం పెడతానన్నాడు. ఆఫీసులో ఏమంటారో చూద్దాం.

ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినోళ్ళు ప్రవాసీ భారతీయ బీమా కాగితం ఎక్కడ పెట్టినారో వెతుక్కోండి. రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375 కట్టించుకున్నారు, గుర్తుందా? ప్రమాదంలో ప్రాణం పోయినా, ఉద్యోగం పోయేంత శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల దాకా ఉంది. మా ఆరుగురిలో ముగ్గురికి ఆ కాగితం ఎక్కడుందో తెలీదు. ఎంత చెప్పినా అంతే మనం.

"ఊరికి పోరాదా, సదరం సర్టిఫికెట్ తీసుకుంటే నెలకి 6,000 పింఛను వస్తుంది కదా" అని కూడా కొందరు అన్నారు. పింఛను తీసుకోవడంలో తప్పేం లేదు, అర్హత ఉంటే తీసుకుంటాడు. కానీ 31 ఏళ్ళ మనిషి, ఇప్పుడు స్టోర్‌లో సామాన్లు ఇచ్చి పుచ్చుకునే పని చేస్తున్నాడు, ఒక్క బోల్టు లెక్క తప్పలేదు. 52 ముక్కల వరస గుర్తు పెట్టుకునేవాడికి స్టోర్ రిజిస్టర్ ఒక లెక్కా? చెల్లెలి పెళ్ళి అప్పు ఇంకా ఉంది. ఎప్పుడు పోవాలో అతనికి తెలుసు.

ఇంక కార్యక్రమం సంగతి. పెద్దలతో నిన్న రాత్రి మళ్ళీ మాట్లాడినాం. డబ్బా లేదని ఒప్పుకున్నారు. మైకులో "మన కోనసీమ తమ్ముడు, పేకముక్కల మ్యాజిక్" అని మాత్రమే చెబుతారు. చెయ్యి సంగతి అతనికి ఇష్టమైతే అతనే చెబుతాడు. నిజానికి అతనికి ఆ చేత్తో వేరే పని ఉంది. జనం ఆ చెయ్యి వైపు చూడాలా వద్దా అని మొహమాటపడతారంట, ఒక్క అర సెకను కళ్ళు పక్కకి తిప్పుకుంటారంట. "ఆ అర సెకను నాకు చాలండి" అంటాడు. మైకులో ముందే చెప్పేస్తే అందరూ చెయ్యినే చూస్తూ కూచుంటారు, అతని అర సెకను పోతుంది. ఇంతకు మించి చెబితే ఒట్టు తప్పినట్టు అవుతుంది.

వచ్చేవాళ్ళకి నాలుగు మాటలు. స్టేజి మీద బల్ల చిన్నది, వెనకవాళ్ళకి ముక్కలు కనిపించవు, అందుకని ఫోన్ కెమెరాతో తెర మీద వేస్తున్నారు. మీరు మళ్ళీ ఫోన్లు ఎత్తి అడ్డం పెట్టొద్దు. ఎవరినైనా ముక్క తీయమని పిలిస్తే సిగ్గుపడకుండా పోండి. తీసిన ముక్క గుర్తు పెట్టుకోండి, ముఖ్యంగా చాయ్ తాగుతూ మరిచిపోవద్దు. అతను తిప్పింది మీ ముక్క కాకపోతే కాదనే చెప్పండి, గట్టిగా చెప్పండి. మా వంటాయన ముందు వరసలోనే ఉంటాడు, మీరు మొహమాటపడితే ఆయన ఊరుకోడు.

కట్ట కొత్తది కావాలంట, పాతదాంట్లో డైమన్ జాకీ మూల మడత పడింది. మహబూలా నుంచి వచ్చేవాళ్ళు ఎవరైనా రెండు కట్టలు తెస్తే డబ్బులు అక్కడే ఇస్తాం. ప్లాస్టిక్‌వి వద్దు, జారుతాయి.